చక్రంలో మోటారు పెడితే

(హనుమకొండలో పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నమస్తే.

ఈ బల్ల మీదున్నది పాత ఎలక్ట్రిక్ స్కూటర్ వెనుక చక్రం. నడిమిట్ల డబ్బా లెక్క కనబడేదే మోటారు. టీవీఎస్ ఐక్యూబ్‌దీ ఇదే పద్ధతి. ఏథర్‌లో మోటారు వేరే ఉండి బెల్టుతో చక్రాన్ని తిప్పుతుంది. "స్కూటర్‌కు కుదిరింది కారుకెందుకు పెట్టరు సార్?" అని పోయిన వారం ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న.

పెట్టలేదని కాదు, 1900లోనే పారిస్ ప్రదర్శనలో ఫెర్డినాండ్ పోర్షే అనే ఇంజనీరు ముందు చక్రాల్లో మోటార్లున్న కారును చూపించాడు. 1971లో అపోలో 15 వాళ్లు చంద్రుడి మీద నడిపిన బండికి నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు, ఒక్కోటి పావు హార్స్‌పవర్. మన బావికాడి 5 హెచ్‌పీ మోటారు అందులో ఒక్కదానికి ఇరవై రెట్లు!

లాభాలు తొందరగా చెప్తా. మోటారు బలాన్ని రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్, దాన్ని చక్రాల దాకా మోసే డ్రైవ్ షాఫ్టులు అక్కర్లేదు, ఆ జాగా మిగులుతుంది. ప్రతి చక్రాన్నీ విడిగా నడపొచ్చు. వానకు ములుగు రోడ్డు మలుపులో ఒక చక్రం జారితే, కంప్యూటర్ దాని బలం తగ్గించి పక్కదానికి పెంచడానికి రెప్పపాటు కూడా పట్టదు.

అసలు పేచీ బరువుతో. నాటేసి ఒడ్డెక్కిన మనిషి కాళ్లకు రేగడి అంటుకుంటే అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. అదే బరువు నెత్తిన మూటగా ఉంటే గబగబా నడుస్తాడు. కారుకూ అంతే. స్ప్రింగుల పైనున్న బరువు వేరు, గుంత వచ్చినప్పుడల్లా చక్రంతో పాటు ఎగిరిపడే బరువు వేరు. లోటస్ అనే కార్ల కంపెనీ ఇంజనీర్లు ఒక ఫోర్డ్ ఫోకస్ కారు చక్రాలకు తలా 30 కిలోలు కలిపి పరీక్షించారు. నడక కొంత చెడింది, సస్పెన్షన్, అంటే ఆ స్ప్రింగుల ఏర్పాటు, సర్దితే చాలావరకు బాగైంది. కాబట్టి కుదరనే కుదరదని నేననను. మన గుంతల లెక్క మాత్రం మనమే తీయాలె.

ఇంకోటి, గేర్లు. కారు చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1000 మీటర్లు, అంటే 500 చుట్లు. మామూలు ఎలక్ట్రిక్ కారులో మోటారు ఇంచుమించు తొమ్మిది రెట్లు వేగంగా తిరుగుతుంది, గేరు ఆ వేగాన్ని టార్క్‌గా, అంటే చక్రాన్ని తిప్పే బలంగా, మారుస్తుంది. గేరు లేకుంటే ఆ టార్క్ అంతా మోటారే పుట్టించాలె. టార్క్ పెరిగితే రాగి, ఇనుము, అయస్కాంతాలు పెరుగుతాయి. మళ్లీ బరువు దగ్గరికే వచ్చినం, చూసిండ్రా?

పక్కనే బ్రేకు వేడి, ఆ వేడికి అయస్కాంతాలు బలహీనపడే ప్రమాదం. 2023 జూలైలో హనుమకొండ కాలనీల్లో నీళ్లు నిలిచినప్పుడు ముందు మునిగినవి చక్రాలే గదా! సీలు పోతే మోటారు పోతుంది. ఒక పక్క మోటారు పట్టేస్తే బండి అటే లాగుతుంది.

నా మట్టుకు, మెల్లగా పోయే బండికీ, బాగా బరువైన బండికీ ఇది సరిపోతుంది. రామగుండం, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో డంపర్లు చూసే ఉంటరు. వాటికన్నా పెద్దవి, 200 టన్నులకు పైగా మోసేవి, చాలావాటికి వెనుక చక్రాల్లోనే మోటార్లుంటాయి. డీజిలింజను జనరేటర్‌ను తిప్పుతుంది, అంతే; ఆ కరెంటుతో మోటార్లు నడుస్తాయి. అంత బండికి మోటారు బరువు ఏపాటి? బీవైడీ సిటీ బస్సుల్లో మోటార్లను వెనుక చక్రాల దగ్గరికి జరిపినందుకు లోపలి నేల కిందికి దిగింది. ముసలోళ్లు సుఖంగా ఎక్కుతరు. కారు ఈ రెండింటికీ మధ్యన ఇరుక్కుంది.

ఇగ ఒక్కొక్కరు ముందుకు రాండ్రి. ముందు ఈ చక్రాన్ని ఒంటిచేత్తో లేపి చూడండి. తర్వాత తిప్పండి, సులువుగా తిరుగుతది. మోటారులోంచి వచ్చే ఈ మూడు తీగల కొసలు కలిపి, మళ్లీ తిప్పండి.

ఏమైంది? ఎవరు చెప్తరు?