డౌన్ కంఫర్టర్ ఇంట్లో ఉతకొచ్చా? ఉన్ని బంతులతో ఆరబెట్టి చూద్దాం

నమస్కారం అండీ. అమెరికాలో చలికాలం పోగానే మనవాళ్లందరికీ వచ్చే సందేహం: ఈ డౌన్ కంఫర్టర్‌ని, అంటే పక్షి నూగు నింపిన మందపాటి బొంతని, ఇంట్లో ఉతకాలా, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాలా? లేబుల్ మీద మెషీన్ వాష్ అని ఉంటే నిక్షేపంగా ఇంట్లోనే ఉతకొచ్చు. ఉతకడం తేలికే, అసలు పనంతా ఆరబెట్టడంలోనే ఉంది.

ఇది క్వీన్ సైజు. లోపలున్నది పెద్ద ఈకలు కాదు, బాతు ఈకల కింద ఉండే మెత్తటి నూగు. అది విచ్చుకుని గాలిని పట్టి ఉంచుతుంది కాబట్టే మనకి వెచ్చగా ఉంటుంది. తడిస్తే ముద్ద కడుతుంది.

ముందు చిరుగులేమైనా ఉంటే కుట్టేయండి. ఫ్రంట్ లోడ్ మెషీన్ మంచిది. మధ్యలో నిలువు కడ్డీ ఉన్న టాప్ లోడ్ వద్దు, మెలిపెట్టి కుట్లు తెంపేస్తుంది. లిక్విడ్ కొంచెమే పోయండి, అదీ ఎంజైములు లేనిది. ఈక ప్రోటీన్ కదా, మరకల్ని తినే ఎంజైము దీన్నీ వదలదు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలు వద్దు. రిన్స్, స్పిన్ ఇంకోసారి పెట్టండి. తీసేటప్పుడు ఒక కొస పట్టి లాగకుండా రెండు చేతులతో ఎత్తండి.

ఇక డ్రైయర్. సెన్సర్ మోడ్‌ని నమ్మకండి. పైగుడ్డ ఆరగానే అయిపోయిందని ఆగిపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. టైమర్ పెట్టి, తక్కువ వేడి మీద తిప్పండి. ముద్దల్ని కొట్టి విడదీయడానికి ఈ ఉన్ని బంతులు నాలుగు లోపల వేశాను. టెన్నిస్ బంతులూ ముద్దల్ని కొడతాయి గానీ, వేడికి రబ్బరు వాసన వస్తుంది, నాకు ఇవే నచ్చాయి. అయితే ఒక్క మాట: బంతులు వేసేశాం కదా అని వదిలేస్తే కుదరదు. అరగంటకోసారి తీసి దులపాలి, చేత్తో ముద్దలు విడదీయాలి. ఇదిగో, కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాను, చూడండి. కుట్లతో గళ్లు గళ్లుగా ఉంది కదా, ఈ గడిలో మూలన నల్లగా కనిపిస్తోందే, అది ఇంకా ముద్దే. వేళ్లతో నొక్కితే గులకరాయిలా తగులుతోంది. ఇలా ఒక్క గడి ఉన్నా మళ్లీ డ్రైయర్‌లో వేయాల్సిందే, లేకపోతే బూజు పడుతుంది. మొత్తం మీద మూడు గంటలైనా చేతిలో ఉంచుకోండి. తడిగా ఉన్నప్పుడు వచ్చే పక్షి వాసనకి టెన్షన్ పడకండి, పూర్తిగా ఆరితే పోతుంది.

నా తీర్పు: క్వీన్ వరకూ ఇంట్లో, కింగ్ సైజు అయితే లాండ్రోమాట్‌లో, అంటే డబ్బులిచ్చి మనమే ఉతుక్కునే చోట, పెద్ద మెషీన్‌కే. చిన్న డ్రమ్ములో కుక్కితే తిరగడానికి చోటుండదు, బంతులున్నా లాభం లేదు.

ఇండియాలో డ్రైయర్ లేకుండా ఈకల దిండ్లు వాడేవాళ్లు ఎండాకాలంలోనే ఉతకండి. తాడు మీద వేయొద్దు, ఈకలన్నీ ఒక పక్కకి జారిపోతాయి. నవారు మంచం మీద పరిస్తే కింద నుంచీ గాలి తగులుతుంది. గంటకోసారి తిప్పి, చేత్తో తట్టి, మర్నాడు కూడా ఎండలో పెట్టండి.