తీరం, అడవి, యువత: శ్రోతల ప్రశ్నలు

వ్యాఖ్యాత: నమస్కారం. స్థానిక ప్రకృతి పరిరక్షణ పనుల ద్వారా యువతకు అందే శిక్షణ గురించి ఈ రోజు మాట్లాడుకుంటున్నాం. విశాఖ జోడుగుళ్లపాలెం నుంచి ఒక తల్లి ఫోన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేసి, తాబేలు గుడ్లను కాపాడే పనికి వెళతానంటున్నాడు. గుడ్లకు కాపలా కాయడానికేనా చదివించిందని బంధువులు అడుగుతున్నారు. పంపమంటారా?

నిపుణురాలు: పంపండమ్మా. అయితే ఏం నేర్పుతారో, భత్యం ఎంతో ముందే అడగండి. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లు పెడుతుంది. కుక్కలు, నక్కలు తవ్వకముందే వాటిని తీసి హేచరీకి, అంటే గుడ్లు పొదిగేదాకా కాపాడే చోటుకి చేర్చాలి. ఇసుకలో ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉండేలా, కుదుపు లేకుండా ఒక్కో గుడ్డునూ మోయాలి. తిరగబడితే లోపలి పిండం చనిపోవచ్చు. గూడున్నంత లోతునే మళ్లీ పాతి, తేదీ, సంఖ్య రాసిపెట్టి, 45 నుంచి 60 రోజుల వరకు కనిపెట్టుకోవాలి. పిల్ల ఆడదో మగదో ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది కాబట్టి నీడ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంత ఓర్పుతో, లెక్క తప్పకుండా పనిచేయడం నేర్చుకున్న కుర్రవాడి చదువు వృథా అయిందని నేను ఒప్పుకోను.

శ్రోత: మరి సీజన్ అయిపోయాక అండి?

నిపుణురాలు: న్యాయమైన ప్రశ్న. అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి ఇంటర్ అర్హత ఉంది. పురుషులు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. దానికి ఇప్పటి నుంచే సిద్ధపడమనండి. ఇక భత్యం సంగతికొస్తే, అమెరికాలో 1933లో మొదలైన ప్రకృతి పరిరక్షణ దళం నిరుద్యోగ యువకులకు నెలకు 30 డాలర్లిచ్చి, అందులో అధికభాగాన్ని వారి ఇళ్లకు పంపేది. పేదింటి పిల్లలను జీతం లేకుండా సేవ చేయమనడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

వ్యాఖ్యాత: మధురవాడ నుంచి ఒక అధ్యాపకులు.

శ్రోత: మేడమ్, మా ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులను ఏటా మొక్కలు నాటడానికి తీసుకెళుతున్నాం. ఇంకేం చేయవచ్చు?

నిపుణురాలు: నాటినవి బతికాయో లేదో చూడడానికి వాళ్లనే మళ్లీ తీసుకెళ్లండి సార్. ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని ఒకే చోటికి కేటాయిస్తే, విద్యార్థులకు ఆ నేల మీద బాధ్యత ఏర్పడుతుంది. కంబాలకొండలో లంటానా పొదలు స్థానిక మొక్కలను అణచివేస్తున్నాయి. వాటిని వేళ్లతో సహా పెకలించి, ఖాళీ అయిన చోట ఏం మొలుస్తుందో నెలనెలా నమోదు చేయించండి. అది అభయారణ్యం కాబట్టి, అటవీ శాఖ అనుమతి చేతికి అందాకే విద్యార్థులను లోపలికి తీసుకెళ్లండి.