చక్రాలకు రబ్బరు పెయింట్: మందంగా పడితేనే ఊడొస్తుంది

[క్లోజప్: నల్లటి చక్రం. వేలి గోరు అంచును లేపుతుంది. లాగుతుంటే పొర అంతా ఒకే ముక్కగా ఊడొస్తుంది. కింద వెండి రంగు రిమ్ కనిపిస్తుంది.]

ఇది నేను ఏడాది కింద కొట్టిన రబ్బరు పెయింట్, వద్దనుకున్నప్పుడు ఇలా ఊడదీసేసే రకం. కింద అలాయ్ రిమ్ మీద చిన్న గీత కూడా లేదు చూడండి. ఇప్పుడు పక్క చక్రం దగ్గరికి వద్దాం.

[క్లోజప్: రెండో చక్రం. గోరుతో గీకితే గోరంత పెచ్చులు రాలుతున్నాయి.]

రెండూ ఒకే పెయింట్. ఒకే రోజు కొట్టినవి. దానికి ఆరు కోటింగులు పడ్డాయి, దీనికి రెండే. మీకు చూపించడానికని దీన్ని కావాలనే ఇలా వదిలేశాను. మొదటిసారి మాత్రం తెలియక నాలుగు చక్రాలకూ రెండేసి కోటింగులతో ఆపేశాను. తీసేటప్పుడు ఒక్కో చక్రానికి ఒక పూట పట్టింది, గోళ్లు అరిగిపోయాయి. ఆ తిప్పలు మీకు వద్దు.

అసలు ఈ పెయింట్ ఏంటంటే, సాల్వెంట్‌లో కరిగించిన సింథటిక్ రబ్బరు. స్ప్రే చేశాక సాల్వెంట్ ఆవిరైపోయి రబ్బరు పొర మిగులుతుంది. మామూలు పెయింట్ లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇది లోహాన్ని పైపైన అంటుకుని, తనలో తాను గట్టిగా ఉంటుంది. మందంగా ఉంటే లాగినప్పుడు సాగుతుంది. పలుచగా ఉంటే పట్టుకున్న చోటే తెగిపోతుంది. అందుకే రిమ్‌ను ముందు గరుకు కాగితంతో రుద్దకండి, ప్రైమర్ కొట్టకండి. రెండూ పట్టు పెంచేవే, మనకు అది వద్దు.

[దృశ్యం: విప్పిన చక్రం బకెట్ మీద బోర్లా పడుకోబెట్టి ఉంది. మొదట వెనక వైపు, తర్వాత తిప్పి ముందు వైపు కడుగుతున్నారు.]

చక్రం విప్పి కొట్టడమే నా సలహా. బండి కదలకుండా మిగతా చక్రాలకు అడ్డు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తండి. ఒక్క జాకీనే నమ్ముకోకుండా కింద స్టాండు పెట్టండి.

కడగడం దగ్గర బద్ధకించకండి. రిమ్ మీద ఉండే ఆ గోధుమరంగు మసి బ్రేకుల నుంచి రాలిన పొడి. షాంపూతో రుద్ది కడిగి, బాగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. టైరుకు మెరుపు కోసం కొట్టే సిలికాన్ ఉంటుంది చూడండి, దాని జిడ్డు కాస్త మిగిలినా అక్కడ పెయింట్ ముందే లేచిపోతుంది.

[క్లోజప్: టైరుకీ రిమ్‌కీ మధ్య సందులో పేకముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా గుచ్చుతున్నారు.]

టైరు చుట్టూ పాత పేకముక్కలు చాలు. గాలి వాల్వ్‌కి టేపు చుట్టండి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: నట్లు కూర్చునే గుంటలు, వెనక హబ్‌కి (చక్రాన్ని బిగించే బండి భాగానికి) ఆనే చోటు. ఈ రెండింటి మీదా చుక్క పెయింట్ పడకూడదు. అక్కడ మెత్తటి రబ్బరు ఉంటే అది నలిగే కొద్దీ నట్టు బిగువు తగ్గుతుంది. చక్రం విప్పకుండా కొట్టేవాళ్లు స్పోక్స్ వెనకున్న బ్రేక్ డిస్క్‌ను పూర్తిగా కప్పండి.

ఎండ నేరుగా పడని, గాలి ఆడే చోటు చూసుకోండి. మామూలు గుడ్డ మాస్క్ చాలదు, సాల్వెంట్ ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ కావాలి. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడి పాకుతుంది. దగ్గర్లో సిగరెట్, పొయ్యి, నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు.

[క్లోజప్: మొదటి కోటింగ్. నల్లటి తుంపర్ల మధ్య సగం వెండి రంగు ఇంకా కనిపిస్తోంది.]

డబ్బాను నిమిషం పాటు బాగా ఊపండి. 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం. చక్రం బయట నాజిల్ నొక్కి, చేతిని ఆపకుండా ఇటు నుంచి అటు తీసుకెళ్లి, మళ్లీ బయటే వదలండి. మొదటి కోటింగ్ ఇదిగో, ఇలా ఉండాలి. మచ్చలు మచ్చలుగా, సగం లోహం కనిపిస్తూ. చూడగానే టెన్షన్ వస్తుంది, చెయ్యి మళ్లీ నాజిల్ మీదకు పోతుంది. ఆగండి. తర్వాతి పొరలు జారకుండా పట్టి ఉంచేది ఈ తుంపర్లే.

తడి మెరుపు పోయేదాకా, అంటే 15, 20 నిమిషాలు ఆగి రెండోది. ఇక్కడి నుంచి కాస్త నిండుగా, తడిగా మెరిసేలా కొట్టండి, కారేంత కాదు. ముందు స్పోక్స్ పక్కలు, తర్వాత పైభాగం. ప్రతి కోటింగ్‌కీ చక్రాన్ని పావు వంతు తిప్పితే మరుగున పడ్డ అంచులు బయటపడతాయి. దూరం ఎక్కువైతే పెయింట్ గాలిలోనే ఆరి ఇసుకలా పడుతుంది, తాకితే గరగరలాడుతుంది. మొత్తం ఐదారు కోటింగులు. నాలుగు చక్రాలకు నాలుగు డబ్బాలు, చేతిలో ఇంకొకటి ఉంచుకోండి. అంచుల్లో పలుచన అనిపిస్తే అక్కడ ఇంకో చెయ్యి వేయండి, రేపు పొర లేపేది అక్కడి నుంచే.

[క్లోజప్: చివరి కోటింగ్ తడిగా ఉండగానే పేకముక్కలు లాగేస్తున్నారు.]

టేపు, కార్డులు తడి మీదే తీసేయాలి. ఆరాక లాగితే పొర కూడా వాటితోనే చిరిగి వస్తుంది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున బిగించండి. నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించుకుంటూ, మాన్యువల్‌లో రాసిన టార్క్‌కి, అంటే బిగింపు బలానికి తేవాలి. వంద కిలోమీటర్లలోపు మళ్లీ ఒకసారి చూసుకోండి.

తర్వాత పెట్రోలు చుక్క తగలనివ్వకండి, కరిగిపోతుంది. తారు మరకల క్లీనర్లూ అంతే. ప్రెషర్ వాషర్‌ను అంచులకు దగ్గరగా పెట్టకండి. మీ రిమ్ మీద లాకర్, అంటే పైన ఉండే పారదర్శకమైన పూత, ఇప్పటికే పొక్కులు లేచి ఉంటే ఇది కొట్టకండి, ఊడదీసేటప్పుడు ఆ లాకర్ కూడా వెంట వచ్చేస్తుంది.

మరి మొదట్లో చూపించిన ఆ పెచ్చుల చక్రం సంగతి? గీకడం ఆపేశాను. శుభ్రంగా తుడిచి, దాని మీదే ఇంకో నాలుగు కోటింగులు కొట్టాను. కొత్త రబ్బరు పాతదాన్ని పట్టుకుని రెండూ ఒకే పొర అవుతాయి.

[క్లోజప్: మర్నాడు పొద్దున. అదే చక్రం. గోరు అంచును లేపుతుంది, పొర చక్రం చుట్టూ తెగకుండా ఊడొస్తుంది.]