స్లైడ్ అవుట్ కారుతోందా? సిలికాన్ ట్యూబు పక్కన పెట్టి సందు కొలవండి

నమస్కారమండి. అమెరికాలో చలికాలమంతా ఆగి ఉన్న, కారు వెనక కట్టి లాక్కెళ్లే చక్రాల ఇల్లు లాంటి ట్రావెల్ ట్రైలర్‌ తలుపు వసంతంలో తీసేసరికి స్లైడ్ అవుట్ (ఆగినప్పుడు లోపల చోటు పెరగడానికి బయటికి తోసే గది భాగం) పక్కన కార్పెట్ తడిగా ఉంటే, చాలామంది హార్డ్‌వేర్ షాపుకెళ్లి సిలికాన్ ట్యూబు తెచ్చి ఆ సందులో పూసేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. స్లైడ్ కదిలే గోడ. ఒక్కసారి బయటికి తోస్తే సిలికాన్ చీలిపోతుంది. పైగా గోడకు అంటిన సిలికాన్ మీద రేపు కొత్త రబ్బరు సీల్ వెనకుండే జిగురు టేపూ అతకదు, కొత్త సిలికానూ అతకదు.

ముందు ఏ సీల్ పోయిందో తేల్చుకోవాలి. స్లైడ్ చుట్టూ రెండు రకాల రబ్బరు ఉంటుంది. పల్చటి రెక్కలా ఉండేది వైపర్ సీల్, స్లైడ్ కదులుతున్నప్పుడు నీళ్లను ఊడుస్తుంది. లోపల బోలుగా గొట్టంలా ఉండేది బల్బ్ సీల్, నొక్కుకుని సందు మూస్తుంది. మామూలుగా బల్బ్ సీల్ రెండు వరసలు. స్లైడ్ లోపలికి వచ్చి ఉన్నప్పుడు పనిచేసేది బయటి వరస, బయటికి తోసి ఉన్నప్పుడు పనిచేసేది లోపలి వరస. అంటే మూసి ఉంచిన ట్రైలర్ తడిసిందంటే ముందు అనుమానించాల్సింది బయటి వరసని. క్యాంప్‌గ్రౌండ్‌లో వానకి కారితే లోపలి వరసని చూడండి.

ఇప్పుడు కాగితం పరీక్ష. అడుగుకొక చోట కాగితం ముక్క పెట్టి స్లైడ్ మూయండి, లాగి చూడండి. గట్టిగా పట్టుకుంటే మంచిది, జారి వచ్చేస్తే అక్కడ సీల్ పనిచెయ్యట్లేదు. బల్బు చీలకపోయినా ఇలా అవుతుంది. నెలల తరబడి అదిమి ఉన్న రబ్బరు చదునుగా అయిపోయి, వదిలినా పైకి లేవదు. తర్వాత హోస్‌తో నీళ్లు కొట్టండి, కిందినుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కోచోట మూడు నాలుగు నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా పాకి, ఎక్కడ దూరుతున్నాయో తెలియదు. ప్రెషర్ వాషర్ వద్దు, బాగున్న సీల్‌లోంచి కూడా నీళ్లు తోసేస్తుంది.

కొనేముందు సందు కొలవాలి. పాత సీల్ తీసేసిన చోట పిల్లలు ఆడుకునే మట్టిముద్దను ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టి, స్లైడ్ మూసి తెరవండి. నలిగిన ముద్ద మందమే మీ సందు. బల్బు మూడో వంతు నుంచి సగం దాకా నలగాలి. సందు అరంగుళం ఉంటే ముప్పావు నుంచి అంగుళం బల్బు కావాలి. ఇంకా లావుది వేస్తే మోటారు మూలుగుతుంది, స్లైడ్ పూర్తిగా మూసుకోదు. పైన పావు అంగుళం, కింద ముప్పావు వస్తే అది సీల్ తప్పు కాదు, స్లైడ్ వాలిపోయింది. ముందు దాన్ని సరిచేయించండి. వాలిన స్లైడ్‌కి కొత్త రబ్బరు వేస్తే డబ్బు దండగ.

పొడవుకు లెక్క ఇదీ: పది అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తున్న స్లైడ్‌కి రెండు పక్కలూ పైభాగమూ కలిపి 22 అడుగులు. పాతిక కొనండి. కింది అంచుకి వేరే రకం ఉంటుంది, పాతదాని ముక్క కోసి పక్కన పెట్టి పోల్చుకోండి. రబ్బరు ఈపీడీఎం అనే కృత్రిమ రకం అయితే ఎండకు బాగా ఆగుతుంది.

పాత జిగురును హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి. ఇనుప బ్లేడు ఫైబర్‌గ్లాస్‌ని కోసేస్తుంది. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. అంటించేరోజు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉండాలి, లేకపోతే టేపు పట్టదు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సీల్‌ని లాగుతూ అంటించకండి! లాగిన రబ్బరు వారం పది రోజుల్లో వెనక్కి కుంచించుకుని మూలల్లో సందు వదులుతుంది, వాన సరిగ్గా అక్కడే దూరుతుంది. పైనుంచి వదులుగా వేలాడదీసి, అరచేతితో నొక్కుకుంటూ రండి. మూలల్లో వంచకుండా 45 డిగ్రీలకు కోసి, రెండు కొసలనీ రబ్బరు జిగురుతో కలపండి. పూర్తయ్యాక టేపు పూర్తిగా పట్టడానికి 72 గంటలు పడుతుంది. అంతదాకా స్లైడ్‌ని అటూ ఇటూ తోయకండి.

రబ్బరు మెత్తగా ఉండాలని వేజలిన్, గ్రీజు, డబ్ల్యూడీ-40 పూయకండి. పెట్రోలియం ఏదైనా ఈపీడీఎంని ఉబ్బించి పాడుచేస్తుంది. సబ్బునీళ్లతో కడిగి, రబ్బరు సీళ్లకని రాసి ఉన్న పెట్రోలియం లేని స్ప్రే వాడండి. దుమ్ము పట్టిన సీల్ ఇసుక కాగితంలా స్లైడ్ గోడను గీస్తుంది, కాబట్టి కడగడం ముందు, స్ప్రే తర్వాత.

సీల్ కొత్తదైనా లోపల ఇంకా తడి వస్తుంటే పైకెక్కి స్లైడ్ పైనున్న ట్రైలర్ రూఫ్ అంచు చూడండి. అక్కడి అతుకుల మీద పూసిన లాప్ సీలెంట్ పగిలితే నీళ్లు గోడలోపల నుంచి దిగి సీల్ దగ్గర బయటపడతాయి. కొత్తది పూసేటప్పుడు చదునైన చోట సెల్ఫ్ లెవెలింగ్ (తనంతట తానే పరుచుకునే) రకం, నిలువు అంచుకు కారని రకం వాడండి. రెండూ మీ రూఫ్ పైపొర ఈపీడీఎం రబ్బరో, టీపీఓ అనే ప్లాస్టిక్ షీటో దానికి సరిపోయేవి అడిగి తీసుకోండి.