రాజీనామా లెటర్‌లో ఆ రెండు మాటలు రాయకండి

ముందుగా ఒక లెటర్ చూడండి.

[స్క్రీన్ మీద లెటర్, పేర్లు కొట్టేసి]

"వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. దయచేసి ఆమోదించగలరు."

ఇది రాసింది మా బావ, అంటే అక్క భర్త. ఒక ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి, వారానికి మూడు రోజులు డయాలసిస్. నిలబడి షిఫ్టు చేయడం ఇక కుదరదని డాక్టర్ రాసిచ్చాడు. అలాంటి మనిషికి వ్యక్తిగత కారణాలట! "ఇదేంటి బావా, ఇలా రాశావు?" అంటే, "హెచ్‌ఆర్ వాళ్లే ఫార్మాట్ ఇచ్చారమ్మా, అందరూ ఇలాగే రాస్తారట" అన్నాడు.

ఆ రెండు మాటలు ఎంత ఖరీదైనవో చెప్పడానికే ఈ వీడియో. ఆసుపత్రి బిల్లుల జోలికి నేను వెళ్లను. ఆరోగ్యశ్రీ గురించి మీకు నాకంటే బాగా తెలుసు. నేను మాట్లాడేది జీతం గురించి. మనిషి మంచాన పడ్డాక ఇంటద్దె ఎక్కడి నుంచి రావాలి, పిల్లల ఫీజు ఎక్కడి నుంచి రావాలి, అదీ సంగతి.

వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీశారనుకోండి. మీరే క్యాన్సిల్ చేసుకుంటే రైల్వే చార్జీలు కోసుకుని మిగతాది ఇస్తుంది. రైలే రద్దయితే పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. రెండిట్లోనూ మీరు హైదరాబాద్ వెళ్లలేదు. కానీ ఎవరి వల్ల ఆగిపోయిందో దాన్ని బట్టి చేతికొచ్చే డబ్బు మారిపోతుంది. జబ్బుతో ఉద్యోగం ఆగిపోవడమంటే రైలు రద్దయినట్టు. "వ్యక్తిగత కారణాలు" అని రాయడమంటే, రద్దయిన రైలుకి మీ చేత్తో మీరే క్యాన్సిల్ బటన్ నొక్కడం.

లెక్క చూద్దాం. బావ మొత్తం జీతం 20,000. అందులో బేసిక్, డీఏ కలిపి 15,600. సర్వీసు మూడేళ్ల ఏడు నెలలు. గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం మానేసేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బుకి, ఐదేళ్లు నిండాలని అందరూ అంటారు కదా. మామూలుగా మానేస్తే అంతే. చనిపోయినా, జబ్బు వల్లో ప్రమాదం వల్లో అంతకుముందు చేస్తున్న పని చేయలేని స్థితి వచ్చినా ఆ ఐదేళ్ల షరతు వర్తించదు. ఇది చట్టంలోనే ఉంది. లెక్క ఎలాగంటే, 15,600ని 26తో భాగించి 15తో గుణిస్తే 9,000. ఏడాదికి అంత. ఆరు నెలలు దాటిన ముక్కని పూర్తి సంవత్సరంగా లెక్కేస్తారు కాబట్టి నాలుగేళ్లు. అంటే 36,000. ఇప్పుడున్న లెటర్ ప్రకారం ఎంత? సున్నా. మూడేళ్లకే ఎవడో సొంత పని మీద మానేశాడు, అంతే కదా అది చెప్పేది!

పీఎఫ్ కూడా అదే రైలు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా మొత్తం తీసేస్తే దాని మీద పన్ను పడుతుంది. అనారోగ్యం వల్ల ఉద్యోగం పోతే ఆ పన్ను లేదు. మీరు మానేశాక కంపెనీ వాళ్లు పీఎఫ్ పోర్టల్‌లో చివరి తేదీతో పాటు కారణం కూడా ఎక్కిస్తారు. దాన్ని రైలు చార్ట్ అనుకోండి. చార్ట్ తయారయ్యాక పేరు మార్చమంటే ఎంత తిప్పలో మీకు తెలుసు. హెచ్‌ఆర్ వాళ్లు కుట్ర పన్నుతారని నేననను. వాళ్లకి ఫైలు మూయాలి, ఆ ఫార్మాట్ వాళ్లకి తేలిక. మీకు కాదు.

ఇక పీఎఫ్‌లోనే దాక్కున్న పెన్షన్. పదేళ్లు నిండకపోతే పెన్షన్ రాదనుకుని చాలామంది ఫామ్ 10సీ, అంటే పెన్షన్ డబ్బు ఒకేసారి వెనక్కి తీసుకునే ఫామ్, పెట్టేసి ఆ డబ్బు కూడా తీసేసుకుంటారు. ఆగండి. ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని వైకల్యం వస్తే పదేళ్లు అక్కర్లేదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. ఆ వైకల్యం ఫ్యాక్టరీలోనే రావాలన్న నియమం కూడా లేదు. దానికి పెట్టాల్సింది ఫామ్ 10డీ. కనీస పెన్షన్ నెలకు 1,000. అవును, తక్కువే, 2014 నుంచి అదే అంకె, సిగ్గుచేటు. అయినా జీవితాంతం వచ్చే వెయ్యి అది. 10సీ పెట్టడమంటే టికెట్ చింపి కిటికీలోంచి పారేసినట్టే. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఇక్కడ మెడికల్ బోర్డు ముందు కూర్చోవాలి. మన రైల్లో టీటీఈ వాళ్లే. గ్రాట్యుటీకి పాత పని చేయలేకపోతే చాలు, ఇక్కడ అంతవరకు చేయగలిగిన ఏ పనీ ఇక చేయలేరని తేలాలి. డయాలసిస్ మీద ఉన్నంత మాత్రాన దానంతటదే రాదు.

ఇంతవరకూ దిగేటప్పటి సంగతులు. నన్నడిగితే అసలు తప్పు అంతకుముందే జరిగింది. బావ అప్పుడే దిగాల్సిన అవసరమే లేదు. రైలు సిగ్నల్ కోసం ఆగితే కంగారుపడి సామాను దించేశాడు.

బావ పే స్లిప్‌లో నెలనెలా 150 రూపాయలు ఈఎస్ఐకి, అంటే ఉద్యోగుల బీమాకి పోతున్నాయి. జీతంలో 0.75 శాతం. యజమాని ఇంకో 3.25 శాతం కడతాడు. ఈఎస్ఐ అంటే మనవాళ్లకి మందుల క్యూ ఒక్కటే గుర్తొస్తుంది. జబ్బు చేసి పనికి వెళ్లలేని రోజులకి డబ్బు కూడా ఇస్తుందని ఎందుకో ఎవరూ చెప్పరు! ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులు చందా పడి ఉంటే, ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. మొదటి రెండు రోజులు లెక్కలోకి రావు. బావకి నెలకు సుమారు 14,000 పడేది.

91 రోజులు అయిపోయాక? దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటుంది, 34 జబ్బులు. టీబీ, క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీ ఫెయిల్యూర్ అందులో ఉన్నాయి. రెండేళ్లుగా ఈఎస్ఐ ఉద్యోగంలో ఉండి, ఆ కాలంలో 156 రోజుల చందా ఉంటే జీతంలో 80 శాతం ఇస్తారు, తీవ్రతను బట్టి రెండేళ్ల దాకా. అంటే నెలకు దగ్గరదగ్గర 16,000. బావకి రెండేళ్లు ఎప్పుడో దాటాయి. సర్టిఫికెట్ మాత్రం ఈఎస్ఐ డాక్టర్ దగ్గరే తీసుకోవాలి. అక్కడ తిరగడం విసుగే, కాదనను.

జీతం 21,000 దాటితే ఈఎస్ఐ ఉండదు. సాఫ్ట్‌వేర్ వాళ్లు, మీ సంగతి వేరు. కంపెనీ గ్రూప్ పాలసీలో ఏముందో ఇప్పుడే చదువుకోండి. ఉద్యోగంతో పాటే అది కూడా పోతుంది, సరిగ్గా అవసరమైన రోజునే.

[గడియారం చూసి] అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్పేస్తాను.

ప్రభుత్వ ఉద్యోగులు: సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయడానికి, స్థాయి తగ్గించడానికి వీల్లేదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. వేరే పని చూపించాలి. రంగులు గుర్తుపట్టలేని ఆర్టీసీ డ్రైవర్ కేసులో 2025లో సుప్రీంకోర్టు కూడా వేరే ఉద్యోగం ఇవ్వమంది. సింగరేణిలో మెడికల్ ఇన్వాలిడేషన్, అంటే జబ్బు వల్ల ఇక పని చేయలేరని తేల్చడం, అన్న మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు, వారసుడి ఉద్యోగం దానిమీదే ఉంటుంది కాబట్టి. ప్రైవేటులో చేసేవాళ్లకి ఆ జాగ్రత్త ఎందుకు లేదో!

బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు పోయే సురక్షా బీమా ప్రమాదాలకు మాత్రమే, జబ్బుకు రాదు. దాన్ని నమ్ముకోకండి.

రాష్ట్ర పెన్షన్లు: ఆంధ్రలో వికలాంగులకు 6,000, డయాలసిస్ వాళ్లకి 10,000, పక్షవాతంతో మంచానికే పరిమితమైతే 15,000. తెలంగాణలో వికలాంగులకు 4,016, డయాలసిస్ వాళ్లకి 2,016. ఆదాయం షరతులు ఉంటాయి. వికలాంగుల పెన్షన్‌కి సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. ఆ స్లాట్ దొరకడం తత్కాల్ టికెట్ లాంటి వ్యవహారం, దాని మీద ఇంకో వీడియో చేస్తాను.

మరి లెటర్‌లో ఏం రాయాలి? నిజంగా దిగాల్సిన రోజు వచ్చినప్పుడు, ఇదీ:

[స్క్రీన్ మీద] "నా జబ్బు వల్ల ఇంతవరకూ చేస్తున్న పని చేయలేని స్థితిలో ఉన్నాను. వైద్య ధ్రువపత్రం జతపరిచాను. ఈ కారణంగానే ఉద్యోగం విడిచిపెడుతున్నాను."

తేదీ వేసి, ఒక కాపీ మీద కంపెనీ ముద్ర, సంతకం తీసుకోండి.

బావది ఇంకా చార్ట్ తయారు కాలేదు. పాత లెటర్‌ని కంపెనీ వాళ్లు ఆమోదించలేదు, అలాగే టేబుల్ మీద ఉంది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఇంకో లెటర్ రాయించాను. రేపు పొద్దున డయాలసిస్ అయ్యాక ముందు ఈఎస్ఐ డిస్పెన్సరీకి, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి వెళ్తున్నాం, నేనూ బావా.