బడికి సైకిల్: అమ్మానాన్నలది భయమా, పరువా?

(హన్మకొండ స్టూడియోలో జరిగిన చర్చ. ఒకరి మాట మీద ఒకరు పడిన చోట వినిపించినంత మేరకే రాశాం. పాల్గొన్నవారు: ఒక విద్యార్థిని తల్లి, రిటైర్డ్ హెడ్మాస్టర్, ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైన ఎస్సై, స్కూల్ ఆటో డ్రైవర్.)

యాంకర్: నమస్కారం. ఈ వారం హన్మకొండలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులన్నీ ఒక్క కాగితం చుట్టే తిరుగుతున్నాయి. ఒక ప్రైవేటు స్కూలు పంపిన సర్క్యులర్ అది. సైకిల్ మీద వచ్చే పిల్లలకు దారిలో ఏం జరిగినా మాకు సంబంధం లేదు, ఒప్పుకుంటూ సంతకం పెట్టి పంపండి అని. సైకిల్ స్టాండ్ జాగాలో ఇప్పుడు బస్సులు నిలబెడుతున్నారట. నా ప్రశ్న ఒక్కటే. పిల్లలకు సైకిల్ ఇవ్వకపోవడం భయమా, పరువా? ముందు మేడం చెప్పండి.

తల్లి: నేను సంతకం పెట్టానండీ. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నయీంనగర్‌లో ఉంటాం, స్కూలు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. మొదటి వారం నేను స్కూటీ మీద దాని వెనకాలే వెళ్లాను. అప్పుడు నేను లెక్కపెట్టింది ఏంటంటే...

హెడ్మాస్టర్: ఒక్క నిమిషం మేడం, ఒక్క నిమిషం. అసలు సంతకం ఎందుకు పెట్టారు మీరు? గేటు దాకా వచ్చిన పిల్ల స్కూలు పిల్ల కాదా? ఇంకోటి, వెనకాల స్కూటీ మీద మీరు పోతుంటే ఆ పిల్ల ఏం నేర్చుకుంటది? మేం హసన్‌పర్తి నుంచి హన్మకొండకు తొక్కుకుంటూ వచ్చినవాళ్లం. కిరాయి సైకిల్ మీద కైంచి కొట్టి నేర్చుకున్నా నేను. సీటు ఎక్కితే కాళ్లు అందవు. నడుమ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వంగి, సగం పెడల్ సగం పెడల్ తొక్కుకుంటూ పోవాలి. గంట దాటితే ఇంకో గంట కిరాయి అడుగుతాడని గుండె దడ. అంతేగానీ...

ఎస్సై: సార్, అప్పుడు ములుగు రోడ్డు మీద ఇన్ని ఇసుక లారీలు లేవు.

హెడ్మాస్టర్: లారీలు లేకపోతే ఎడ్లబండ్లు ఉండె. ఆర్టీసీ బస్సులు ఉండె.

ఎస్సై: ఎడ్లబండికీ టిప్పర్‌కూ పోలికేంది సార్!

యాంకర్: అంటే భయమే అంటారు మీరు. పరువు కాదు.

ఎస్సై: నేను ఇంకా ఏమీ అనలేదు.

యాంకర్: ఆటో అన్న దగ్గరికి వద్దాం. అన్నా, నీ ఆటోలో పిల్లలను పంపే తల్లిదండ్రులది భయమా, పరువా?

ఆటో డ్రైవర్: అది నాకెట్ల తెలుస్తది సార్. పిల్లలందరూ సైకిళ్లు తొక్కితే నా గిరాకీ పోతది, అది మాత్రం తెలుసు. అయినా ఒక ముచ్చట చెప్తా. నా ఆటోలో పదో తరగతి పిలగాడు ఒకడున్నడు. నాకంటే పొడుగు. గేటు ముందర కార్లు నిండి ఉంటే రోడ్డుకు అవతల ఆపి, దిగి పో బిడ్డా అంటా. దిగడు. అట్లనే కూసుంటడు. ఎందుకురా అంటే, రోడ్డు దాటుడు మా మమ్మీ వద్దన్నది అంకుల్ అంటడు. ఇగ నేను యూటర్న్ కొట్టి వచ్చి గేటు ముందర ఆపాలె. పదో తరగతి, సార్.

హెడ్మాస్టర్: చూశారా! ఇదీ నేను చెప్పేది. విద్యాహక్కు చట్టం నిబంధనల్లో ఏముంది? ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. ఎందుకు పెట్టారు ఆ లెక్క? పిల్లవాడు సొంతంగా పోవాలనే కదా! వీళ్లేం చేస్తారు? ఇంటి పక్క సర్కారు బడిని దాటేసి ఎనిమిది కిలోమీటర్ల అవతలి స్కూలుకు బస్సు ఫీజు కడతారు. మళ్లీ దూరం ఎక్కువ, సైకిల్ ఇవ్వలేం అంటారు.

యాంకర్: అంటే పరువే!

హెడ్మాస్టర్: పరువే. నూటికి నూరుపాళ్లు పరువే. అదే పిల్లవాడు తొమ్మిదో తరగతికి వచ్చాడంటే స్కూటీ తాళం చేతిలో పెడతారు. సైకిల్ అంటే నామోషీ, స్కూటీ అంటే గొప్ప.

ఎస్సై: ఆ మాట కరెక్ట్. నేను డ్యూటీలో పట్టుకున్నవాళ్లల్లో ఎంతమంది అట్లాంటి పిల్లలో చెప్పలేను. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ తర్వాత మైనర్ బండి నడిపితే కేసు తండ్రి మీదనో, బండి ఓనర్ మీదనో పడుతుంది. 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చే దాకా లైసెన్స్ రాదు. ఇది చెప్తే తండ్రి ఏమంటాడు? ట్యూషన్‌కు లేట్ అవుతుంది సార్, వదిలేయండి అంటాడు.

తల్లి: నాదొక మాట...

యాంకర్: వస్తా మేడం, మీ దగ్గరికే వస్తా. సార్, సైకిల్ ధర కూడా ఒక కారణమా? గేర్ సైకిళ్లు పదిహేను వేలు, ఇరవై వేలు అంటున్నారు.

హెడ్మాస్టర్: గేర్లెందుకండీ పిల్లలకు? హన్మకొండలో ఏమైనా గుట్టలు ఎక్కాలా? (పక్కనుంచి ఎవరో: పద్మాక్షి గుట్ట!) సరే, ఆ ఒక్కటి వదిలేయండి. అట్లాస్ కంపెనీ ఏమైంది? 2020లో సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేశారు. ఏ రోజు? జూన్ 3. ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు!

(ఇక్కడి నుంచి మూడు నిమిషాలు అట్లాస్, హెర్క్యులస్, డైనమో లైట్ల మీద నడిచింది. డైనమో టైరుకు రాసుకుంటే వచ్చే చప్పుడు ఎట్లా ఉండేదో యాంకర్ నోటితో చేసి చూపించారు. అది వదిలేస్తున్నాం.)

యాంకర్: ఫోన్ లైన్లో ఒక పాప ఉంది. చెప్పమ్మా, ఏ తరగతి?

పాప: సెవెన్త్ అంకుల్. కాజీపేట నుంచి. నాకు సైకిల్ వచ్చు. మా డాడీ కాలనీలోనే తొక్కమంటాడు. నాకు లారీలంటే భయం లేదు అంకుల్, అవి కనిపిస్తాయి. ఆపిన కార్ల డోర్లే భయం. సడెన్‌గా తీస్తారు, మనం...

యాంకర్: బ్రేక్ టైమ్ అయిందమ్మా, లైన్లోనే ఉండు.

(బ్రేక్ తర్వాత లైన్ దొరకలేదు. మళ్లీ ప్రయత్నించినట్టు కూడా లేదు.)

యాంకర్: మళ్లీ స్వాగతం. భయమా, పరువా? సార్, బస్సులోనే సేఫ్ అనేవాళ్లకు మీరేం చెప్తారు?

హెడ్మాస్టర్: మాసాయిపేట మర్చిపోయారా? 2014 జులై. కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దింది. బస్సు ఎక్కించి టాటా చెప్పిన తల్లులే కదా వాళ్లంతా.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొత్తం చర్చలో అదొక్కటే ఖాళీ.)

ఎస్సై: సార్, అది చెప్పినప్పుడు ఇది కూడా చెప్పాలి. కాపలా లేని గేట్లను రైల్వే వాళ్లు వరసగా తీసేస్తూ వచ్చారు. 2019 జనవరి కల్లా బ్రాడ్‌గేజ్ మీద ఒక్కటి కూడా మిగల్లేదు.

తల్లి: అదేనండీ నేను ఇందాకటి నుంచి చెప్పాలనుకుంటున్నది! గేటును బాగు చేశారు కదా. తల్లులకు ధైర్యం ఉందా లేదా అని చర్చ పెట్టలేదు కదా. మా అమ్మాయి వెనకాల వెళ్లినప్పుడు లెక్కపెట్టాను. ఇంటి నుంచి స్కూలు దాకా పద్నాలుగు సార్లు అది ఎడమ అంచు వదిలి రోడ్డు మధ్యకు రావాల్సి వచ్చింది. ఆపి ఉంచిన కారు, మిర్చి బండి, కంకర కుప్ప, రాంగ్ రూట్‌లో వచ్చే బైకు. ప్రతిసారీ మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. మెడ తిప్పితే హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే వెనకాల బస్సు హారన్. పద్నాలుగు...

యాంకర్: అంటే మీది భయమే. పరువు కాదు.

తల్లి: నాది భయం కాదండీ, లెక్క. 2020లో కేంద్రం సైకిళ్ల కోసం నగరాలకు పోటీ పెడితే మన వరంగల్ చివరి పదకొండు నగరాల్లోకి వెళ్లింది. మరి ఆ సైకిల్ దారి మా అమ్మాయి స్కూలు దాకా ఎందుకు రాలేదు?

హెడ్మాస్టర్: దారి వేసేదాకా పిల్లను ఇంట్లో కూర్చోబెడతారా? బీహార్‌లో 2006లోనే తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సర్కారు సైకిళ్లకు డబ్బులిచ్చింది. రోడ్లు బాగున్నాయని ఇచ్చిందా? గుంపుగా పదిమంది పోతుంటే లారీవాడే స్లో చేస్తాడు.

తల్లి: కూర్చోబెట్టలేదండీ, మా పిల్ల రోజూ తొక్కుతోంది...

ఎస్సై: అవి ఊళ్ల రోడ్లు సార్, హన్మకొండ చౌరస్తా కాదు.

హెడ్మాస్టర్: చౌరస్తాలోనే నేర్చుకోవాలి! జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలు పసుపు టోపీలు పెట్టుకుని...

ఎస్సై: అక్కడ కార్లు ఆగుతాయి సార్.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. హెడ్మాస్టర్ గొంతు మాత్రమే వినిపించింది: "ధైర్యం", "తరం", "ఫోన్లు పట్టుకుని".)

యాంకర్: సార్ చెప్పినదాంతో చాలామంది ఏకీభవిస్తారనుకుంటున్నా. సమయం అయిపోయింది. మీ స్క్రీన్ మీద నంబర్ ఉంది. భయం అనుకునేవాళ్లు ఒకటి, పరువు అనుకునేవాళ్లు రెండు నొక్కండి.

తల్లి: రోడ్డు అనుకునేవాళ్లు?

యాంకర్: మేడం, నెక్స్ట్ ప్రోగ్రాంలో తప్పకుండా. సార్, ఒక్క ముక్కలో ముగించండి.

హెడ్మాస్టర్: ఒక్క ముక్కలో అంటే కుదరదు. సంగతేందంటే...

ఆటో డ్రైవర్: సార్, నేను పోవాలె. నాలుగింటికి బడి విడుస్తరు.