ఫోన్ పెట్టేశాక ఆ ఒక్క నిమిషం: చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్ సీఆర్‌ఎం ఎంపిక

అందరికీ నమస్కారం.

సీఆర్‌ఎం అంటే కస్టమర్ల వివరాలు, వాళ్ళతో మాట్లాడిన సంగతులు, మళ్ళీ మాట్లాడాల్సిన తేదీలు ఒకచోట ఉంచే సాఫ్ట్‌వేర్. దాన్ని కొనాలనుకునేవాళ్ళు మొదట అడిగేది "ఏది మంచిది?" అని. సేల్స్‌ఫోర్స్, జోహో, హబ్‌స్పాట్, పైప్‌డ్రైవ్... పేర్లకు కొదవ లేదు. ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిటికీ అన్ని గళ్ళలోనూ టిక్కులే ఉంటాయి, తేడా తేలదు. అందుకని నేను పట్టికల జోలికి పోను. కస్టమర్‌తో మాట్లాడి ఫోన్ పెట్టేశాక ఆ సంగతి ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది? రేపు వద్దనుకుంటే మన డేటా మన చేతికి ఏ రూపంలో వస్తుంది? ఎంపిక తేలేది ఎక్కువగా ఈ రెండు ప్రశ్నల దగ్గరే.

అసలు అవసరమా అన్నది ముందు చూసుకోవాలి. అమ్మకాలు ఒక్కరే చూస్తూ, నెలకు ఇరవై ముప్ఫై ఎంక్వైరీలు వస్తుంటే ఎక్సెల్ షీటు చాలు. ఒకే కస్టమర్‌తో ఇద్దరు మాట్లాడటం మొదలయ్యాక షీటు చేతులెత్తేస్తుంది. ఒకరు చెప్పిన రేటు ఇంకొకరికి తెలియదు. ఫాలోఅప్ తేదీ షీటులో ఉంటుంది గానీ ఆ రోజు ఎవరినీ తట్టి లేపదు. ఉద్యోగి మానేస్తే అతని ఫోన్‌లోని సంభాషణలన్నీ అతనితోనే పోతాయి. ఇవి మీ దగ్గర జరుగుతుంటే వెతకడం మొదలుపెట్టండి.

వెతికే ముందు ఒక కాగితం తీసుకుని ఎంక్వైరీ అమ్మకంగా మారే దశలు రాయండి. ఐదారు మించొద్దు. ప్రతి దశా జరిగిన పని అయి ఉండాలి, మన ఊహ కాకూడదు. "కొటేషన్ పంపాం", "శాంపిల్ చూశారు", "అడ్వాన్స్ ఇచ్చారు" ఇవి దశలు. "బాగా ఆసక్తిగా ఉన్నారు" అన్నది దశ కాదు. ఒకే కస్టమర్‌ను ఒకరు ఆసక్తి ఉన్నవాళ్ళలో, ఇంకొకరు లేనివాళ్ళలో వేస్తారు. ఆ తర్వాత వచ్చే నెల అమ్మకాల అంచనాకు అర్థమే ఉండదు. తప్పనిసరి ఫీల్డులు కూడా అదే కాగితం మీద తేల్చేయండి. పేరు, ఫోన్, మళ్ళీ మాట్లాడాల్సిన తేదీ: ఈ మూడూ చాలు. పన్నెండు పెడితే సిబ్బంది చుక్కలు పెట్టి, వరుసగా తొమ్మిదులు కొట్టి సేవ్ చేస్తారు. తప్పు వాళ్ళది కాదు, అన్ని గళ్ళు పెట్టినవాళ్ళది.

ఇక ట్రయల్. సాధారణంగా 14 రోజులో 30 రోజులో ఇస్తారు. అమ్మేవాళ్ళు వాళ్ళ డేటాతో చూపించే డెమో సినిమా ట్రైలర్ లాంటిది, ఎప్పుడూ బాగానే ఉంటుంది. మీ దగ్గర రోజూ ఫోన్లు మాట్లాడేవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ మొబైల్‌లోనే యాప్ వేయించండి. కాల్ అయిపోగానే స్టాప్‌వాచ్ నొక్కండి. కస్టమర్ పేరు వెతకాలి, రెండు లైన్ల నోట్ రాయాలి, దశ మార్చాలి, వచ్చే కాల్‌కి రిమైండర్ పెట్టాలి. వేలు ఎన్నిసార్లు తాకిందో లెక్కపెట్టండి. నిమిషం దాటితే "సాయంత్రం అన్నీ కలిపి ఎక్కిస్తాలే" అన్న మాట వస్తుంది. సాయంత్రానికి పది కాల్స్‌లో నాలుగే గుర్తుంటాయి. ఇంకో చిన్న పరీక్ష: ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఒక నోట్ రాసి సేవ్ చేయండి. సిగ్నల్ వచ్చాక అది ఎక్కిందా, మాయమైందా? బయట తిరిగి అమ్మేవాళ్ళు ఉంటే ఇది చూడకుండా కొనొద్దు.

డేటా ఎక్కించడం దగ్గరే ఎక్కువ గొడవలు. కావాలనే చిక్కులు పెట్టి ఇరవై వరుసల ఫైలు తయారుచేయండి: సున్నాతో మొదలయ్యే నంబరు, దేశం కోడ్‌తో ఉన్న నంబరు, తెలుగులో రాసిన పేరు, కామాలున్న చిరునామా, 03/04 అన్న తేదీ, రెండు స్పెల్లింగులతో ఒకే మనిషి. ఎక్సెల్‌లో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టిక) ఫైలు తెరవగానే నంబరు ముందున్న సున్నా ఎగిరిపోతుంది. 12 అంకెల నంబరు 9.18E+11 లాగా కనిపిస్తుంది. దాన్ని అలాగే మళ్ళీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనిపించిందే ఫైల్లోకి పోతుంది, చివరి అంకెలు ఇక తిరిగి రావు. అందుకే నంబర్లు ఎక్కించకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారితే మామూలు సీఎస్‌వీ బదులు, అన్ని భాషల అక్షరాలనూ నిలిపే యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేయండి. 03/04 అంటే మార్చి 4 అనీ కావచ్చు, ఏప్రిల్ 3 అనీ కావచ్చు. సంవత్సరం ముందు రాస్తే ఆ పేచీ ఉండదు.

డూప్లికేట్ల సంగతి విడిగా అడగండి. హబ్‌స్పాట్ లాంటివి కాంటాక్టును ప్రధానంగా ఈమెయిల్‌తో గుర్తుపడతాయి. మీ కస్టమర్లలో సగం మందికి ఫోన్ నంబరు తప్ప ఈమెయిల్ లేకపోతే ఒకే మనిషి మూడు రికార్డులుగా పోగవుతాడు. ఫోన్ నంబరుతో పోల్చి రెంటినీ కలిపే వీలుందా అన్నది కొనేముందే తేలాలి. ఇంపోర్ట్ చేసేటప్పుడు కంపెనీలు ముందు, వాటిలోని మనుషులు తర్వాత, డీల్స్ (ఒక్కో అమ్మకం వివరాలు) చివర. తలకిందులు చేస్తే ఏ డీల్ ఎవరిదో లంకె కుదరదు.

ట్రయల్ ముగిసేలోపే అంతా ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. పేర్లు, నంబర్లు ఎవరైనా ఇస్తారు. రాసిన నోట్లు, కాల్ చరిత్ర, జతచేసిన ఫైళ్ళు వచ్చాయా? డీల్స్ ఫైల్లో కస్టమర్ ఐడీ ఉందా? ఐడీ లేకపోతే మీ చేతికొచ్చినవి విడివిడి జాబితాలే, వాటిని మళ్ళీ అతకడం ఎవరి తరమూ కాదు.

ధర విషయానికొస్తే, పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచుగా ఏడాది డబ్బు ఒకేసారి కడితే పడే నెల రేటు, అదీ ఒక్క యూజర్‌కి. యూజర్ల సంఖ్యతో, 36 నెలలతో గుణించి చూడండి. ఉచిత ప్లాన్లకు యూజర్ల మీదో, రికార్డుల మీదో, ఆటోమేషన్ మీదో పరిమితి ఉంటుంది. మీరు ముందుగా ఏ గోడకు తగులుతారో ఊహించి, ఆ పై ప్లాన్ రేటుతోనే పోల్చండి. ఒకరికి కావాల్సిన ఒక్క ఫీచర్ కోసం అందరినీ పై ప్లాన్‌కి ఎక్కించాల్సి రావడం మామూలే.

డబ్బు మిగులుతుందని ఒకే లాగిన్ నలుగురు వాడొద్దు. ఎవరు ఏం మార్చారో తెలియదు, ఒకరు మానేస్తే అందరికీ పాస్‌వర్డ్ మార్చాలి. అడ్మిన్ ఖాతా సంస్థ ఈమెయిల్ మీదే ఉండాలి, రెండంచెల లాగిన్ పెట్టాలి, ఎక్స్‌పోర్ట్ అనుమతి ఒకరిద్దరికే ఇవ్వాలి. సీఆర్‌ఎం నుంచి గంపగుత్తగా మెయిళ్ళు పంపే ఉద్దేశం ఉంటే మీ డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు (మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు) పెట్టించండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ పెద్దయెత్తున పంపేవాళ్ళను ఇవి అడుగుతున్నాయి.

మొదలుపెట్టేటప్పుడు పదేళ్ళ పాత జాబితా అంతా కుమ్మరించకండి, గత 12 నెలల్లో కదలిక ఉన్నవాళ్ళు చాలు. మొదటి రోజే పాత షీటును చదవడానికి మాత్రమే ఉండేలా మార్చేయండి. రెండూ నడిస్తే రెండూ తప్పే. వారం వారం సమీక్షలో యజమాని కాగితాలు అడక్కుండా ఆ స్క్రీన్ తెరిచే మాట్లాడాలి. నెల తిరిగాక ఒక్క ఫిల్టర్ వేయండి: నడుస్తున్న డీల్స్‌లో "మళ్ళీ మాట్లాడే తేదీ" దాటిపోయినవి ఎన్ని? సగానికి మించి ఉంటే కొత్త ఫీచర్లు కొనకండి. ఎంట్రీ చేసేవాళ్ళ పక్కన కూర్చుని, మళ్ళీ స్టాప్‌వాచ్ నొక్కండి.